చుంచుకు జత

కలకత్తాకు ఏటవతల, హౌరా టికియాపారాలో రైలు పట్టాల పక్కన ఒకప్పుడు మన తెలుగువాళ్ళ వరస క్వార్టర్లు ఉండేవి. వరస చివర రేకుల కప్పు చర్చి. ఇప్పుడు ఆ వరసా లేదు, ఆ రేకులూ లేవు. సాల్ట్ లేక్‌లో లిఫ్టున్న మేడలో కాపురం ఉంటున్న లిల్లీ ఆ చర్చిని తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది దేవుడు కాదు. దేవుడు క్షమించాలి, ఎండకు కాలిన రేకుల వాసన, పక్క షెడ్డులోంచి వచ్చే గ్రీజు వాసన, ట్రంకు పెట్టెల్లోంచి తీసిన పండగ చీరల కలరా ఉండల వాసన, ఇవి గుర్తొస్తాయి. శ్రీకాకుళం, టెక్కలి, భీమిలి వైపు నుంచి తాతల కాలంలో రైలు పనికి వచ్చిన ఇరవై పాతిక కుటుంబాలు అక్కడ ఉండేవి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, షెడ్డులో హిందీ, పంపు దగ్గర తగువొస్తే మూడూ. ఆ రోజులు మళ్ళీ రమ్మంటే రావు. వస్తే మాత్రం లిల్లీ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుతుంది.

ఇది కలకత్తాలో మెట్రో రైలు కొత్తగా వచ్చిన నాటి మాట. అప్పుడు లిల్లీకి పాతికేళ్ళు. వారమంతా ప్రైమరీ బడిలో టీచరు, ఆదివారం సండే స్కూలు టీచరు. రెండింటికీ తేడా ఏమిటంటే మొదటిదానికి జీతం ఉండేది, రెండోదానికి పిల్లలు ఉండేవాళ్ళు. ఆమె తండ్రి కృపాకర్ గార్డెన్ రీచ్ రైల్వే ఆఫీసులో గుమాస్తా, ఇక్కడ సంఘపెద్ద. పాస్టరుగారు ఖరగ్‌పూర్ నుంచి నెలకు ఒక్కసారి వచ్చి బల్ల ఇచ్చి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచి వెళ్ళిపోయేవారు. మిగిలిన రోజులన్నీ కృపాకర్‌గారి రాజ్యమే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ సామెత గుడి మెట్ల దగ్గరే ఆగిపోయిందనుకుంటే పొరపాటు. ఆయన ప్రార్థన చేస్తే శుద్ధ గ్రాంథికం, కోపం వస్తే శుద్ధ శ్రీకాకుళం. చెడ్డమనిషి మాత్రం కాదు. క్వార్టర్లలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు వచ్చి మంచం పక్కన మోకరించేది ఆయనే. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ ఏడు ఆయన పట్టిన కుందేలు ఎలీయాజరు.

ఎలీయాజరు షెడ్డులో ఫిట్టరు. రైల్లో పెట్టెకూ పెట్టెకూ మధ్య కప్లింగులు బిగించే పని. మనిషి గుమ్మం నిండా ఉంటాడు, మాట మాత్రం గుమ్మం దాటదు. భార్య సుందరి, ఏడేళ్ళ కూతురు యూనిస్. యూనిస్ వయసుకు తగిన ఎత్తు కూడా లేని పిల్ల. అంత తండ్రికి ఇంత కూతురా అని పంపు దగ్గర ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. చర్చిలో బెంచీ విరిగినా, రేకు లేచినా, పండగకు పందిరి వెయ్యాలన్నా అందరికీ ఎలీయాజరే గుర్తొచ్చేవాడు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వస్తుంది. కలకత్తా చుట్టుపక్కల పనిముట్టు పట్టిన ప్రతి చోటా ఆ పూజ ఉంటుంది. యంత్రాలు కడిగి, బొట్లు పెట్టి, మధ్యాహ్నం ఖిచుడీ వండి, సాయంత్రం గాలిపటాలు ఎగరేస్తారు. షెడ్డులో మన క్రైస్తవులు పూజ దగ్గర దూరంగా నిలబడి, ఖిచుడీ దగ్గర దగ్గరగా కూర్చునేవాళ్ళు. తాతల నాటి నుంచీ అదే ఏర్పాటు, ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు. ఆ ఏడు నిమజ్జనం రోజున విగ్రహం మోసే బెంగాలీ పనివాడికి కాలు బెణికింది. గ్యాంగులో అంత బరువు ఎత్తగలిగిన భుజాలు ఇంకొక్క జతే ఉన్నాయి. మేస్త్రీ అడిగాడు. ఎలీయాజరు తలగుడ్డ చుట్టి, విగ్రహాన్ని నెత్తిన పెట్టుకుని, రామకృష్ణపూర్ ఘాట్ దాకా మోసి, గంగలోకి దిగాడు. సరిగ్గా అప్పుడే బాబూఘాట్ నుంచి వచ్చిన లాంచీ ఒడ్డుకు తగిలింది. అందులోంచి దిగబోతూ కృపాకర్‌గారు, నడుం లోతు నీళ్ళలో, నెత్తిన విగ్రహంతో ఉన్న తన సంఘస్థుణ్ణి చూశారు.

తర్వాతి ఆదివారం ఆరాధన కాగానే సంఘం కూర్చుంది. ఎలీయాజరు లేచి నిలబడి, నేను తప్పు చేశానని ఒక్క మాట అంటే చాలని కృపాకర్‌గారు చెప్పారు. అంతా ఎలీయాజరు వైపు చూశారు. ఖిచుడీ తిన్నవాళ్ళలో కొందరు మాత్రం గుమ్మడికాయల దొంగలంటే భుజాలు తడుముకున్నట్టు కింద చూశారు. ఎలీయాజరు లేచాడు.

"బరువు మోసినాను గానీ మొక్కనేదు పెద్దయ్యగోరూ. గ్యాంగులో ఒకడికి కాలు బెణికితే ఆడి బరువు ఇంకొకడు మొయ్యాల. అది తప్పని నానెలా అంతాను?"

కృపాకర్‌గారు అతనికి బల్ల నిలిపేశారు. తెలియనివాళ్ళకు ఇది చిన్న మాటలా ఉంటుంది. కొట్టడం లేదు, తిట్టడం లేదు, చర్చికి రావద్దనడం కూడా లేదు. నెలకోసారి రొట్టె పళ్ళెం వరస వెంట వస్తుంది, అతని దగ్గరికి వచ్చేసరికి పక్కవాడు చెయ్యి చాపి పళ్ళేన్ని అతని మీదుగా అవతలివాడికి అందిస్తాడు. అంతే. ఆ పళ్ళెం ముక్కు ముందు నుంచి దాటిపోవడం ఎలా ఉంటుందో దాటించుకున్నవాడికే తెలుస్తుంది. ఒక్క నెల అలా జరిగాక ఎలీయాజరు లోపలికి రావడం మానేశాడు. ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని భార్యనూ కూతుర్నీ తీసుకొచ్చి, వాళ్ళు లోపలికి వెళ్ళాక, గేటు బయట సైకిళ్ళ దగ్గర నిలబడేవాడు. పాటలు అక్కడి నుంచే పాడేవాడు. ఆ గొంతు గేటు దగ్గర నుంచి వినబడుతుంటే లిల్లీకి హార్మోనియం మీద వేళ్ళు తడబడేవి.

గోరంతది కొండంతయింది. షెడ్డు గ్యాంగులో మన కుటుంబాలు అరడజను ఉండేవి. ఎలీయాజరుకు లేని బల్ల మాకూ వద్దని, క్రిస్మస్ దాటగానే శివపూర్‌లో ఇంకో ప్రార్థన మందిరానికి పోతామని వాళ్ళు అనడం మొదలుపెట్టారు. ఆఫీసు ఉద్యోగాలవాళ్ళు పోతే పోనీమన్నారు. పాతిక కుటుంబాల్లో ఆరు పోతే ఇక ఏం మిగులుతుంది? పంపు దగ్గర పలకరింపులు తగ్గాయి. ఒకరింటి కూర ఇంకొకరింటికి వెళ్ళడం ఆగింది. లిల్లీకి అమ్మ లేదు. ఆమెను పెంచింది ఆ వరసలోని గుమ్మాలన్నీ కలిసి. ఆ గుమ్మాలు ఒక్కొక్కటీ మూసుకుంటుంటే ఆమెకు ఏడుపొచ్చేది. తండ్రికి చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఇంతలో డిసెంబరు వచ్చింది, ఓడ నాటకం రోజులు వచ్చాయి.

సండే స్కూలు వార్షికోత్సవానికి ప్రతి ఏడూ అదే నాటకం. పాత కాలపు మహా వరద, పెద్ద ఓడ, జతలు జతలుగా జంతువులు. సరుకు పెట్టెల చెక్కలతో, గూడ్సు షెడ్డు టార్పాలిన్‌తో చర్చి ఆవరణలో ఓడ కట్టేవాళ్ళు. కృపాకర్‌గారు దూది గడ్డం పెట్టుకుని ఓడ తాత అయ్యేవారు. జంతువుల జత ఒక్కొక్కటే తలుపు దగ్గరికి వస్తుంది. "మీరెవరు? జతగా వచ్చారా?" అని తాత అడుగుతాడు. పిల్లలు జవాబు చెప్తారు. "లోపలికి రండి, వాన వస్తోంది," అంటాడు తాత. అందరూ ఎక్కాక తానూ ఎక్కి తలుపు మూస్తే, పిల్లలు డబ్బాల్లో శనగలు గలగలలాడించి వాన కురిపిస్తారు. ఆఖర్న పెద్దాయన ప్రార్థన, ఆపైన కేకు ముక్క, కమలాపండు.

నాటకం చిన్నదే గాని దాని వెనక రాజకీయం రాష్ట్ర సచివాలయం రైటర్స్ బిల్డింగులో కూడా ఉండేది కాదు. సింహం జత బంగారయ్యగారి మనవలది, వంశపారంపర్యం. ఏనుగు కావాలని ఇద్దరు తల్లులు జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. తన కొడుక్కి ఒంటె వేషం ఇచ్చిందని ఒకావిడ పోయినేడు రెండు నెలలు లిల్లీతో మాట్లాడలేదు. ఆ ఏడు వేషాలు పంచుతుంటే యూనిస్ పేరు వచ్చింది. ఆవరణ అంతా చప్పబడిపోయింది. పిల్ల అందరి మొహాలూ చూసి, తర్వాత తన కాళ్ళు చూసుకుంది. చూద్దాంలే అంది లిల్లీ.

నాటకానికి ముందు పిల్లల్ని జాదూఘర్‌కు తీసుకెళ్ళడం లిల్లీ పెట్టిన అలవాటు. బెంగాలీలు మ్యూజియాన్ని అలాగే అంటారు, మన పిల్లలకూ ఆ పేరే నోటికొచ్చేది. జూకి వెళ్తే పులి నిద్రపోతూ ఉంటుంది, మ్యూజియంలో అయితే అన్నీ కళ్ళు తెరిచే ఉంటాయని ఆమె వాదన. హౌరా బ్రిడ్జి మీద బస్సులో ఊపిరాడకుండా వేలాడి, ఎస్ప్లనేడ్‌లో దిగి, పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని చౌరంగీ రోడ్డు దాటారు. లోపల అడుగుపెట్టగానే మగపిల్లలంతా ఏనుగు అస్థిపంజరం దగ్గరికి పరుగు. యూనిస్ ఒక్కతే ఎక్కడా కనబడలేదు. వెతగ్గా వెతగ్గా ఒక అద్దాల బీరువా అడుగు అర ముందు చతికిలబడి కనిపించింది. ఆ అర ఆమె ఎత్తుకు సరిపోయింది, ఇంకెవరూ దాన్ని చూసి ఉండరు.

అక్కడొక గాజు సీసా. అందులో బొటనవేలంత ప్రాణి, పొడుగు మూతి, పొడుగు తోక. పక్కనున్న చీటీని లిల్లీ చదివి తెలుగులో చెప్పింది. చుంచు జాతి. పాలిచ్చే జంతువుల్లో లోకంలోకెల్లా తేలికైనది ఇదే. బరువు రెండు గ్రాములు, అంటే దాదాపు పది పైసల అల్యూమినియం బిళ్ళంత. చీటీ కింద ఒక బొమ్మ కూడా ఉంది. ముందు తల్లి చుంచు, దాని తోక మొదలు పళ్ళతో కరచిపట్టుకుని ఒక పిల్ల, దాని వెనక ఇంకో పిల్ల, అలా ఒక వరస. భయమేసినప్పుడు తప్పిపోకుండా అవి అలాగే వెళ్తాయట.

"మా నాన్న కప్లింగు ఏసినట్టు," అంది యూనిస్. కాసేపు చూసి, "ఇదీ ఓడెక్కినాదా టీచర్?" అని అడిగింది.

ఎక్కే ఉంటుంది, లేకపోతే ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తుందని లిల్లీ అంది. ఆ తర్వాత పిల్లలందరినీ పార్క్ స్ట్రీట్‌లో మెట్రో ఎక్కించి భవానీపూర్ దాకా తిప్పింది. భూమి కింద రైలంటే అప్పట్లో అదొక పెళ్ళి ఊరేగింపు. జనం మంచి బట్టలు కట్టుకుని, చెప్పులు తుడుచుకుని మరీ ఎక్కేవాళ్ళు. పిల్లలంతా కిటికీలకు ముక్కులు ఆనించి చీకటిని చూస్తుంటే, యూనిస్ లిల్లీ ఒడిలో కూర్చుని ప్రశ్నలు వేసింది. అంత చిన్నదానికి గుండె ఉంటుందా? ఉంటుంది. మన గుండె ఒకసారి కొట్టుకునేలోపు దానిది పది పదిహేనుసార్లు కొట్టుకుంటుంది. ఎందుకు? ఎప్పుడూ ఆకలేస్తుంది, ఎప్పుడూ భయమేస్తుంది, అందుకని. యూనిస్ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని భవానీపూర్ వచ్చేదాకా వింటూ కూర్చుంది. దిగేటప్పుడు, తాను చుంచు వేషం వేస్తానంది. ఆ వేషం కోసం పోటీ ఎవరూ ఉండరని ఆ పిల్లకు అప్పటికే తెలుసు.

ఇంట్లో కృపాకర్‌గారు ఒప్పుకోలేదు. చుంచు కంపు కొడుతుంది, అది అపవిత్రమైన పురుగు, పవిత్రమైన నాటకంలో దానికి చోటు లేదన్నారు. ఆయన మనసులో ఉన్నది చుంచు కాదని లిల్లీకి తెలుసు. జీవితంలో మొదటిసారి తండ్రికి ఎదురు చెప్పింది, అదీ మెల్లగా, అన్నం వడ్డిస్తూ. "అపవిత్రమైనవి కూడా జతగా ఎక్కినాయి కదా నానా. శుద్ధమైనవే ఎక్కినాయని ఎక్కడా లేదు కదా," అంది.

ఆయన అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, గ్రంథం తీసి వెతికారు. అలాగే ఉంది. వాక్యం ముందు ఆయన పంతం నిలవదు, అది ఆయనలో మంచి గుణం. తిరిగొచ్చి కూర్చుని, "ఉన్నాది. సరే. కానీ ఒంటిగా కాదు, జతుండాల. జత నేకపోతే నేను లోపలికి రానివ్వను," అన్నారు.

జత కోసం లిల్లీ ఇల్లిల్లూ తిరిగింది. చివరికి అదే వరసలో ఉండే అప్పమ్మ చిన్న కూతురు ఒప్పుకుంది. సుందరి పాత రైల్వే కోటు చించి ఇద్దరికీ బూడిదరంగు అంగీలు కుట్టింది, యూనిస్‌కు బారెడు పొడుగు తోక కుట్టింది. ఆ పది రోజులూ యూనిస్ తోక విప్పకుండా క్వార్టర్ల చుట్టూ తిరిగింది. వీధిలో బెంగాలీ పిల్లలు "ఛుంచో, ఛుంచో" అని వెంటపడితే, అవును నేను ఛుంచోనే అని వెనక్కి తిరిగి మూతి పొడుగుచేసి చూపించేది. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఏమిటో ఆ పది రోజుల్లో వీధి వీధంతా చూసింది. ఎలీయాజరు ఆ తోకను చూసి మురిసిపోవడం లిల్లీ రెండు మూడుసార్లు చూసింది. నాటకం రోజున మాత్రం లోపలికి రానని, గేటు దగ్గర నుంచే చూస్తానని అతను సుందరికి ఖచ్చితంగా చెప్పేశాడట.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఆ రోజుల్లో లోడ్ షెడ్డింగు పిలవని చుట్టంలా ప్రతి పండగకూ వచ్చేది, ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు. రెండు పెట్రోమాక్సులు వెలిగించి ఓడకు అటూ ఇటూ వేలాడదీశారు. జనం చాపల మీద కూర్చున్నారు, షెడ్డువాళ్ళు ఒక పక్క, ఆఫీసువాళ్ళు ఒక పక్క. మధ్యలో ఎవరూ కూర్చోని చాప ఒకటి.

ఓడ వెనక పిల్లలకు మీసాలు దిద్దుతుండగా అప్పమ్మ వచ్చింది. తన కూతురు అంగీ విప్పించింది. బల్ల నిలిపేసినోడి కూతురి పక్కన తన పిల్ల నిలబడితే రేపు నలుగురూ నాలుగు మాటలంటారని, పెళ్ళి కావలసిన పిల్ల ఇంకొకతి ఇంట్లో ఉందని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. చెప్పి పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అవతల ఇంకెవరో హార్మోనియం మొదలుపెట్టారు. సింహాలు బయలుదేరాయి. ఇంకో జతను వెతికే సమయం లేదు. లిల్లీ మోకాళ్ళ మీద కూర్చుని, ఈసారికి పాటల గుంపులో ఉండమని, వచ్చే ఏడు తప్పకుండా ఓడ ఎక్కిస్తానని యూనిస్‌కు చెప్పింది. యూనిస్ బుద్ధిగా తలూపింది. ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది. తండ్రి మొండితనానికి లిల్లీ మూడు నెలల నుంచి కుమిలిపోతూ ఉంది. తీరా తన దగ్గరికి వచ్చేసరికి తానూ అదే చేసింది, ఇంకాస్త తియ్యటి మాటలతో. ఆ క్షణంలో ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సింహాలు ఎక్కాయి. ఏనుగులు, ఒంటెలు, కోతులు ఎక్కాయి. కోతులకు చప్పట్లు ఎక్కువ పడ్డాయి, ఎప్పుడూ పడతాయి. పావురాలు ఎక్కాక ఇక ఎవరూ లేరు. కృపాకర్‌గారు గడ్డం సవరించుకుని, ఆకాశం వైపు చూసి, తలుపు మీద చెయ్యి వేశారు.

"తాతా, మూసెయ్యకు," అని గేటు వైపు నుంచి వినిపించింది.

జనం తలలు తిప్పారు. గేటులోంచి బూడిదరంగు అంగీలో యూనిస్ వస్తోంది. వెనక ఆ పిల్ల తోక బిగుసుకుని ఉంది. తోక రెండో కొసను రెండు చేతులా పట్టుకుని, నడుం వంచుకుని, ఇస్త్రీ చొక్కాలో ఎలీయాజరు వస్తున్నాడు. ఎంత వంగినా అతని తల కూతురి తలకన్నా పైనే ఉంది. మొదట పిల్లలు నవ్వారు, తర్వాత కొందరు పెద్దవాళ్ళు నవ్వారు. షెడ్డువాళ్ళ వైపు నుంచి ఎవరో ఊరుకోండన్నారు. అంతా ఊరుకున్నారు. యూనిస్ చాపల మధ్య నుంచి, ఎవరూ కూర్చోని ఆ ఖాళీ చాప మీదుగా నడిచి ఓడ తలుపు దగ్గర ఆగింది.

కృపాకర్‌గారు తలుపు మీది చెయ్యి తియ్యలేదు. లిల్లీకి తన గుండె చప్పుడు తనకే వినబడుతోంది. ఆయన అడగకపోతే, ఈ తలుపు పిల్ల ముందు మూసుకుపోతే, ఇక ఆరు కుటుంబాలు క్రిస్మస్ దాకా కూడా ఆగవు. ఆయన అడగకుండానే యూనిస్ తనకు నేర్పిన మాట చెప్పేసింది.

"మేము లోకంలో అన్నిటికన్నా చిన్న జంతువులం. జతగా వచ్చాం." తర్వాత ఎవరూ నేర్పనిది తానే కలిపింది. "ఇది మా నాన్న. నేనే తీసుకొచ్చినాను."

కృపాకర్‌గారు ఎలీయాజరు వైపు చూశారు. తప్పు చేశానన్న ఆ ఒక్క మాట కోసం మూడు నెలలుగా ఎదురుచూస్తున్న మనిషి. ఇప్పుడైనా ఆ మాట వస్తుందేమోనని ఆయన ఆగారని లిల్లీకి అనిపించింది. ఎలీయాజరు వంగినవాడు వంగినట్టే తల ఒక్కటి పైకెత్తాడు. తోక వదల్లేదు.

"పెద్దయ్యగోరూ, మాకు ఎక్కువ జాగా అక్కర్నేదు," అన్నాడు.

అంత మనిషి అంత చిన్న గొంతుతో ఆ మాట అంటుంటే సుందరి కొంగు నోట్లో కుక్కుకుంది. కృపాకర్‌గారి పెదవులు గడ్డం వెనక కదిలాయి, మాట రాలేదు. ఎన్నేళ్ళుగానో చెప్తున్న మాట, ఆయనకు నిద్రలో కూడా వచ్చే మాట. మళ్ళీ ప్రయత్నించారు. "రండి," అన్నారు. వాన సంగతి మర్చిపోయారు. తలుపు మీంచి చెయ్యి తీసి పక్కకు తప్పుకున్నారు.

యూనిస్ ముందు ఎక్కింది. ఎలీయాజరు తల తగలకుండా ఇంకా వంగి, పక్కకు తిరిగి లోపలికి దూరాడు. ఓడ మొత్తం ఒక్కసారి కిర్రుమంది, లోపల సింహాలూ కోతులూ గొల్లున నవ్వి జరిగి చోటిచ్చాయి. ఆ వెనక కృపాకర్‌గారు ఎక్కి తలుపు లాగారు. లోపలి నుంచి శనగల డబ్బాలు గలగలమన్నాయి. ఆ టార్పాలిన్ వెనక వాళ్ళిద్దరూ ఏమైనా అనుకున్నారో లేదో లిల్లీకి ఈనాటికీ తెలియదు. వాన మాత్రం ఎప్పటికన్నా చాలాసేపు కురిసింది, ఆపమని ఎవరూ చెప్పలేదు.

తలుపు తెరుచుకున్నాక ప్రార్థన. కృపాకర్‌గారు బయటికి వచ్చి నిలబడ్డారు. దూది గడ్డం ఎక్కడో ఊడిపోయింది, చెంపకు కొంచెం అంటుకుని ఉంది. జనం లేచి తలలు వంచారు. ఆయన ప్రార్థనంటే తక్కువలో తక్కువ పావుగంట, అందుకని ఆడవాళ్ళు పిల్లల్ని చంకలు మార్చుకున్నారు. ఆయన కళ్ళు మూసుకున్నారు. గ్రాంథికం రాలేదు. ఆరాధనలో ఎవరూ ఆయన నోట వినని ఇంటి తెలుగు వచ్చింది.

"ప్రబువా, తలుపు నా సేతిలో ఎట్టకు," అన్నారు. ఆ వెంటే, "ఆమేన్," అన్నారు.

అంతేనా, ఇంకా ఉందా అని తెలియక సంఘస్థులు తలలు వంచుకుని అలాగే నిలబడ్డారు. ముందు ఆమేన్ అన్నది ఎలీయాజరు.